అత్త కొట్టిన కుండ

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని మన పెద్దలు ఊరికే అనలేదు. వంటింట్లో పుట్టిన ఈ సామెత రాజకీయాలకూ చక్కగా అతుకుతుంది. మన పక్షంవారు వీధిలో గొంతు చించుకుంటే అది ధర్మాగ్రహం. ఎదుటి పక్షంవారు అదే స్థాయిలో కేకలు వేస్తే అది విద్వేషం, దేశద్రోహం. కేక ఒకటే గాని, దానికి మనం పెట్టే పేరు మాత్రం వేరు.

తమిళనాట తరతరాలుగా కాపురమున్న తెలుగు కుటుంబాలకు ఈ సంగతి కొత్త కాదు. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో బులుసు సాంబమూర్తిగారి ఇంట నిరాహారదీక్ష పట్టి, డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. ఆంధ్ర జిల్లాలలో అల్లర్లు చెలరేగాయి. రైళ్ళు ఆగిపోయాయి. పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయాయి. డిసెంబరు 19న నెహ్రూగారు ఆంధ్రరాష్ట్రం ఏర్పాటు చేస్తామని ప్రకటించారు. ఇక తేలవలసినది మద్రాసు నగరం సంగతి.

'మద్రాసు మనదే' అని మనవారు నినదించారు. 'తలనిచ్చైనా తలనగరాన్ని కాపాడుకుందాం' అని తమిళ అరసు కళగం నాయకులు మ. పొ. శివజ్ఞానంగారు పిలుపునిచ్చారు. మనవారి చెవికి మొదటిది న్యాయమైన కోరిక, రెండవది బెదిరింపు. వారి చెవికి మొదటిది దురాక్రమణ, రెండవది ఆత్మగౌరవం. నిదానంగా చూస్తే ఆయన ఇస్తానన్నది తన తలనే గాని, ఎదుటివాడి తల తీస్తాననలేదు. ఆ వేడిలో అంత నిదానం ఎవరికున్నది? తిరుపతి తమదని వారంటే మనవారు మండిపడ్డారు. మద్రాసు మనదని మనమంటే వారు మండిపడ్డారు. పక్కవాడి ఊరు అడగడం తప్పయితే ఇద్దరిదీ తప్పే, ఒప్పయితే ఇద్దరిదీ ఒప్పే గదా!

చివరకు 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. మద్రాసు తమిళులకే ఉండిపోయింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి కూడా మద్రాసు రాష్ట్రంలో కలిసింది. నినాదాలు చల్లారాయి, కాపురాలు మిగిలాయి. ఇరుగుపొరుగున బతకవలసిన మనబోటివారికి అసలు నష్టం అక్కడే. నినాదం నాలుగు నెలలు ఉంటుంది. దానికి మనం అతికించిన చెడ్డపేరు మాత్రం పొరుగింటివాడి మనసులో ఏళ్ళతరబడి నిలిచిపోతుంది.

ఇది రెండు భాషలవారి నడుమ తగవు మాత్రమే అనుకుంటే పొరపాటు. 1969లో ప్రత్యేక తెలంగాణ కోరినవారిని కోస్తా జిల్లాలలో అనేకులు విచ్ఛిన్నవాదులన్నారు. నాలుగేళ్ళు తిరక్కుండానే, 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పగానే, ఆ జిల్లాలలోనే జై ఆంధ్ర ఉద్యమం లేచింది. నిన్న విచ్ఛిన్నమైనది నేడు హక్కు అయింది. రాజకీయ పక్షాల సంగతి చెప్పనే అక్కరలేదు. ప్రతిపక్షంలో ఉన్నన్నాళ్ళు బందు, ఘెరావు ప్రజాస్వామ్య హక్కులు. గద్దె ఎక్కిన మర్నాటినుంచి అవి అరాచకం. ఏ పక్షమూ దీనికి మినహాయింపు కాదు.

మరి సరైన తూకం ఎలా ఉంటుంది? మన దేశంలోనే ఒక మంచి ఉదాహరణ ఉన్నది. గణతంత్రం వచ్చిన నాలుగు నెలలకే రెండు వారపత్రికల తగాదాలు సుప్రీంకోర్టుకు చేరాయి. ఒకటి బొంబాయినుంచి వెలువడే వామపక్షపు 'క్రాస్‌రోడ్స్'. అది తన రాష్ట్రంలోకి రాకూడదని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. రెండవది రాష్ట్రీయ స్వయంసేవక సంఘం భావాలు గల 'ఆర్గనైజర్'. అచ్చు వేయకముందే మాకు చూపాలని ఢిల్లీ అధికారులు దానిని కట్టడి చేశారు. ఒకరంటే ఒకరికి గిట్టని పత్రికలివి. 1950 మే 26న, ఒకేరోజున, న్యాయస్థానం రెండు ఆంక్షలనూ కొట్టివేసింది. ఎర్రజెండాకు ఒక రాయి, కాషాయ జెండాకు ఒక రాయి పెట్టి తూచలేదు. మరుసటి ఏడు ప్రభుత్వం రాజ్యాంగానికి మొదటి సవరణ తెచ్చి, శాంతిభద్రతల కోసం మాటమీద ఆంక్ష పెట్టవచ్చునని చేర్చింది. అయితే ఆ ఆంక్ష సమంజసంగా ఉండాలనే మాటా అందులోనే చేరింది.

1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో అదే న్యాయస్థానం మరొక గీత గీసింది. ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగా తిట్టినా అది రాజద్రోహం కాదు, హింసకు, అల్లరికి పురికొల్పితేనే నేరం అన్నది. ఆ పాత శిక్షాస్మృతి 2024 జులై 1తో పోయి కొత్త చట్టం వచ్చింది. అయినా మాటకూ చేతకూ మధ్య గీసిన ఆ గీత సామాన్యులకు నేటికీ పనికివస్తుంది.

అందరి మాటలూ ఒకటే, ఎవరినీ ఏమీ అనకూడదని మా అభిప్రాయం కాదు. గుంపు కర్రలు పట్టుకుని నిలబడినప్పుడు నాయకుడు 'కొట్టండి' అనడం వేరు, ఖాళీ మైదానంలో ఒక కుర్రవాడు 'నశించాలి' అని అరవడం వేరు. ఆ తేడా తప్పక చూడవలసినదే. మేము కోరేదల్లా ఆ తేడాను మాటలోనూ సందర్భంలోనూ చూడాలని, జెండా రంగులో చూడకూడదని.

ఇందుకొక సులువైన ఉపాయం ఉన్నది. పత్రికలో ఒక నాయకుని ఉపన్యాసం చదివి కోపమొచ్చినప్పుడు, ఆ మాటలనే మీకిష్టమైన నాయకుని నోట పెట్టి మళ్ళీ చదవండి. కోపం నిలిస్తే ఆ మాట నిజంగా చెడ్డది. కోపం చల్లారితే మీరు కోపగించినది మాటను కాదు, మనిషిని. మీ నాయకుని మాటకు మురిసిపోయినప్పుడు కూడా ఇదే పరీక్ష పెట్టండి. ఈ రెండవ పరీక్ష మొదటిదానికంటె కష్టం, అందుకే మరింత అవసరం.

మన ఇళ్ళలో పిల్లలు రెండు మూడు భాషలు వింటూ పెరుగుతున్నారు. ఇంట్లో ఒక పేరుతో విన్న ఉద్యమాన్ని బడిలో మరో పేరుతో వింటారు. ఏ పేరు నిజమని వారడిగినప్పుడు, జరిగినదేదో ముందు చెప్పి, పేరు తరువాత పెట్టడం పెద్దల ధర్మం. పగిలినది ఎవరిచేత అయినా, కుండ పాతదో కొత్తదో చూసి చెప్పడమే న్యాయం.