ఇంట్లో పాలు... బళ్ళో హాలు!

సరిహద్దు పల్లెల్లో ఒకటో తరగతి టీచర్లకు రోజూ రెండు భాషల పరీక్ష

సోమేనహళ్ళి (గుడిబండ): "మిస్... వాడు నా బలపం తీసుకున్న్యాడు!", "సార్... నీళ్ళకి పోతా!" గుడిబండ తాలూకా సోమేనహళ్ళి హోబళి పల్లెల్లో సర్కారీ బడి ముందు నిలబడితే వినిపించే మాటలు ఇట్లాంటివే. గోడల మీద రాతంతా కన్నడం. పిల్లల నోట మాటంతా తెలుగు. ఆ రెంటి నడుమ నిలబడి అక్షరాలు దిద్దించాల్సింది ఒకటో తరగతి టీచరు.

2007లో కోలారు నుంచి విడిపడిన చిక్కబళ్ళాపురం జిల్లాలో గుడిబండ, బాగేపల్లి, చింతామణి వైపు చాలా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. రెండు భాషల్లోనూ కీర్తనలు చెప్పిన కైవారం తాతయ్య ఈ జిల్లావారే. ఇక్కడి పెద్దలకు సంతలో తెలుగు, తాలూకా ఆఫీసులో కన్నడం అలవాటే. ఆరేళ్ళ బిడ్డకు మాత్రం ఆ తేడా బడికొచ్చిన మొదటి రోజే తెలుస్తుంది.

'ఊట' అంటే ఏంది?

"ఊట మాడిదెయా?" అని టీచరు ముద్దుగా అడిగితే బిడ్డ బిక్కమొహం వేస్తుంది. ఇంట్లో ఊట అంటే బావిలో ఊరే నీళ్ళు. బళ్ళో ఊట అంటే భోజనం. 'మర' అంటే ఇంట్లో పిండిమర, పుస్తకంలో చెట్టు. 'ఎత్తు' అంటే ఇంట్లో చంకనెత్తుకోమని, పుస్తకంలో ఎద్దు. బిడ్డకు కథ తెలుసు, లెక్క తెలుసు, చేన్లో ఏ మొక్క ఏదో తెలుసు. చెప్పడానికే మాట లేదు.

ఆ మౌనాన్ని మొద్దుతనం అనుకుంటేనే ముప్పు. 'ఈ బిడ్డకు చదువు రాదు' అన్న ముద్ర ఒకటో తరగతిలో పడిందంటే, పైతరగతుల్లోనూ వెంటాడుతుంది. తెలుగు రాని ఊళ్ళ నుంచి వచ్చిన టీచరుకైతే కష్టం రెట్టింపు. బిడ్డ ఏడుస్తుంటే కడుపునొప్పో, అమ్మ మీద బెంగో పక్కబిడ్డను అడిగి తెలుసుకోవాలి.

'ప' తీసి 'హ' పెట్టు!

దారి మాత్రం దగ్గర్లోనే ఉంది. పాత కన్నడంలో 'ప'తో మొదలైన మాటలు చాలావరకు తర్వాత 'హ'లోకి మారాయి. అందుకే మన పాలు అక్కడ హాలు. పులి హులి, పాము హావు, పువ్వు హూవు, పంది హంది. అంతెందుకు... బాగేపల్లిలో ఉన్న 'పల్లి'యే సోమేనహళ్ళిలో 'హళ్ళి'! దీన్నే ఆటగా ఆడిస్తే ఒక్క పూటలో పది మాటలు పట్టుబడతాయి. పిల్లిని 'హిల్లి' అనే గడుగ్గాయి ఉంటే తరగతంతా నవ్వే. కన్నడంలో పిల్లి 'బెక్కు' మరి!

మన పక్కనుంచే వెళ్ళిన పద్ధతి

కర్ణాటకలో చిన్న తరగతులకు నడిచే 'నలి-కలి' పద్ధతి మూలం మనకు పొరుగునే ఉంది. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటె టీచర్లు మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడులు చూసొచ్చి, యూనిసెఫ్ సాయంతో దీన్ని మొదలుపెట్టారు. 2009-10లో రాష్ట్రమంతా విస్తరించింది. పిల్లలు గుంపులుగా కూర్చుంటారు. పుస్తకం బదులు కార్డులు, మెట్టు మెట్టుగా ఎక్కే నిచ్చెన. శెనక్కాయలు పీకే కాలంలోనో, అమ్మానాన్నల వెంట బెంగళూరు కూలికి పోయో బడి మానిన బిడ్డ ఆగిన మెట్టు నుంచే మళ్ళీ ఎక్కొచ్చు.

తిప్పలూ తక్కువేం కాదు. ఒక గుంపుకు చెబుతుంటే ఇంకో గుంపులో కార్డుల కోసం కొట్లాట. ఆ సందులోనే హాజరు, బిసియూట లెక్కలు, సర్వే పనులు. సాయంత్రానికి గొంతు బొంగురు.

అయినా ఆ అలుపు తీర్చేదీ ఆ పిల్లలే. నెలల తరబడి నోరు విప్పని బిడ్డ ఒకనాడు పరుగెత్తుకొచ్చి, "మిస్, అవను నన్న బళప తగొండ" అని కన్నడంలో చాడీ చెబితే... ఆ టీచరుకు అంతకు మించిన బహుమతి ఏముంటుంది?

చేయాల్సింది కొంచెమే

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో తల్లిభాషలో బోధన సౌకర్యం కల్పించేందుకు ప్రయత్నించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతోంది. 1956లో చేర్చిన మాట అది. మొత్తం బడి మీడియం మార్చాల్సిన పని లేకుండానే కొంత చేయొచ్చు. ఒకటో తరగతికి తెలుగు తెలిసిన టీచరును వేయడం, కొత్తగా వచ్చినవారికి ఇంటి మాటల చిన్న పట్టిక ఇవ్వడం, మొదటి ఏడాది బిడ్డ తెలుగులో చెప్పిన జవాబునూ జవాబుగానే లెక్కవేయడం.

2013లో మొదలైన క్షీరభాగ్య పథకంలో బళ్ళో పాలు పోస్తున్నారు. వెచ్చని గ్లాసు చేతికొచ్చాక 'హాలు' అంటే ఏందని ఏ బిడ్డా అడగదు. పాఠం కూడా అట్లా చేతికందితే చాలు.