కరుణాపీఠము – కరుణాధారము: ఒక పద పరిశీలన

ప్రత్యక్షగుడారమును గూర్చి ప్రసంగించునప్పుడు మేకులకును త్రాళ్లకును సైతము ఒక్కొక్క ఛాయార్థము చెప్పుట మన సంఘములలో పరిపాటి. అయితే క్రొత్త నిబంధన స్వయముగా చూపిన సాదృశ్యమొకటి మన కంటబడకయే పోవుచున్నది.

మందసముపై రెండున్నర మూరల పొడవు, ఒకటిన్నర మూర వెడల్పు గల మేలిమి బంగారు మూత ఉండెను (నిర్గమ 25:17). హెబ్రీ భాషలో దాని పేరు కప్పోరెత్. సెప్టువజింటు అనువాదకులు దానిని హిలస్తేరియోన్ అనిరి. హెబ్రీయులకు 9:5లోను, రోమా 3:25లోను ఉన్నది ఈ పదమే. మన తెలుగు బైబిలు మొదటి చోట కరుణాపీఠమనియు, రెండవ చోట కరుణాధారమనియు తర్జుమా చేసినందున, రెండును ఒకే గ్రీకు పదమని చదువరి గ్రహింపలేడు.

నాల్గవ మక్కబీయుల గ్రంథము 17:22 ఆధారముగా, రోమా పత్రికలో దీని భావము ప్రాయశ్చిత్త బలియేగాని పీఠము కాదని కొందరు పండితులు వాదింతురు. ఆ వాదన తేలికగా త్రోసివేయదగినది కాదు. అయినను పౌలు అక్కడ రక్తమును, బయలుపరచుటను జతచేయుచున్నాడు. లేవీయకాండము 16 ప్రకారము ప్రధానయాజకుడు సంవత్సరమునకొక దినమున, ధూపమేఘము కమ్మియుండగా, అడ్డతెర లోపల ఆ మూతమీద రక్తము ప్రోక్షించెను. ఆ సమయమున మరి ఎవడును గుడారములో ఉండరాదు. పౌలు చూపు కరుణాపీఠమో తెర వెనుక లేదు. గొల్గొతాలో, దారిన పోవువారు చూచుచుండగా నిలువబెట్టబడినది.