సముద్రం లేని సీమలో బోటు షికారు

పులివెందుల: దీవుల నడుమ బోటులో విహరించాలంటే కోనసీమ లంకలకో, పులికాట్‌లోని ఇరకం దీవికో వెళ్లాలి. సముద్రం లేని కడప జిల్లాలో ఆ ముచ్చట తీర్చేవి జలాశయాలే. పులివెందుల ప్రాంతంలోని పార్నపల్లె వద్ద చిత్రావతి జలాశయంలో 2022లో బోటు జెట్టీ ప్రారంభమైంది. నీటిమట్టాన్ని, గాలిని బట్టి బోట్లు నడుస్తాయి కనుక ముందుగా విచారించుకుని బయలుదేరడం మేలు. లైఫ్ జాకెట్ విషయంలో మొహమాటం పనికిరాదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద జరిగిన ఘోరం తెలిసిందే.

ఇంతకీ ఈ నీరు ఎక్కడిది? చిత్రావతి వరద ఒక్కటే చాలదు. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, అవుకు మీదుగా సొరంగం దాటి కృష్ణా జలాలు గండికోటకు చేరతాయి. అక్కడి నుంచి ఎత్తిపోతల ద్వారా చిత్రావతి జలాశయానికి వస్తాయి. గండికోట దిగువన, జమ్మలమడుగు చేరువలోని మైలవరం జలాశయం నుంచి పెన్నాకు నీరు వదిలితే ప్రొద్దుటూరుకు తాగునీటి ఊరట లభిస్తుంది.

అయితే ఈ నీటికి మూల్యం చెల్లించిన వారు వేరు. 26.85 టీఎంసీల గండికోట జలాశయం కింద 22 గ్రామాలు ముంపు జాబితాలో చేరాయి. కొండాపురం మండలంలోని తాళ్లప్రొద్దుటూరు వాసులు 2020లో ఇళ్లు ఖాళీ చేశారు. పరిహారం, పునరావాసం పూర్తయ్యేదాకా కదలబోమని వారు ఆందోళన సాగిస్తుండగానే నీరు ఊరి వీధుల్లోకి చేరింది.