గడప దాటని పిల్లి, గడప దాటి వచ్చే పురుగు

పడమటి కనుమల వర్షచ్ఛాయలో చిక్కి నైరుతి వానలకు, తూర్పు తీరానికి దూరమై ఈశాన్య వానలకు సరిగా నోచుకోని అనంతపురం పీఠభూమిలో ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటుగానే వర్షం పడుతుంది కాబట్టి, ఇంత పొడి నేలలో ఇల్లు కదలని ముసలి పిల్లికి పురుగు పట్టదని ఇంటివారు అనుకుంటారు గాని, ఆ నమ్మకంలో నిజం సగమే.

బొచ్చులో దాగి రక్తం పీలుస్తూ, రెక్కలు లేకపోయినా ఎగిరి దూకే ఫ్లీ అనే పురుగు రోజుకు 40 నుంచి 50 గుడ్ల వరకు పెట్టగలదు. అవి ఒంటిమీద నిలవక, పిల్లి పడుకున్న చోటల్లా రాలిపోతాయి. గాలిలో తేమ 50 శాతం కంటే తగ్గితే వాటి పిల్లపురుగులు బతకడం కష్టం కనుక, ఎండాకాలంలో ఆరుబయట అవి ఎండి చస్తాయి. మంచం కింది బొంతకూ, నీళ్ల కుండ ఉన్న మూలకూ, కూలర్ తిరిగే గదికీ మాత్రం ఆ ఎండ చేరదు. పైగా గూడు కట్టుకున్న దశలో ఈ పురుగు నెలల తరబడి వేచి ఉండగలదు. పిల్లి బయటికి పోకపోయినా ఇంటి కుక్క, ఎలుకలు, మనుషుల బట్టలు దాన్ని లోపలికి తెస్తాయి. పేల దువ్వెనతో దువ్వినప్పుడు రాలిన నల్లని నలుసులు తడి తెల్లగుడ్డమీద ఎర్రగా కరిగితే, అది జీర్ణమైన రక్తమేనని, ఫ్లీ ఉన్నట్టేనని గ్రహించవచ్చు.

కంటికి కనబడనంత చిన్న పురుగులు చర్మాన్ని తొలిచి కలిగించే గజ్జి చెవి అంచుల్లో మొదలై ముఖమంతా మందంగా పక్కు కడుతుంది. చెవిలో చేరే మరో జాతి పురుగు కాఫీపొడి లాంటి గులిమిని మిగుల్చుతుంది. తామర పురుగు కాదు, శిలీంధ్రం. అయినా గజ్జిలాగే మనుషులకూ అంటుకుంటుంది.

నెపమంతా పురుగుల మీదే వేయడమూ సరికాదు. వయసు మళ్లిన పిల్లి కీళ్లనొప్పులతో నడుము వెనక భాగాన్ని నాకి శుభ్రం చేసుకోలేదు గనుక అక్కడ బొచ్చు అట్టకట్టి, చుండ్రు రాలి, పేలు చేరతాయి. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం, మధుమేహం, మూత్రపిండాల జబ్బు కూడా బొచ్చును పాడుచేస్తాయి. అందువల్ల చర్మాన్ని గీకి సూక్ష్మదర్శినిలో చూడడంతోపాటు రక్తపరీక్ష కూడా చేయించడం అవసరం.

అన్నిటికంటే భయపడవలసింది ఇంట్లో ఉన్న మందు సీసా గురించే. గొర్రెల పెంపకం విస్తారంగా ఉన్న ఈ ప్రాంతంలో పిడుదుల మీద వాడే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ వంటి మందులు సులభంగా దొరుకుతాయి. కుక్కల కోసం అమ్మే పర్మెత్రిన్ కూడా ఇదే కోవకు చెందినది. వీటిని విరిచివేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ కావడంతో వణుకు, మూర్ఛలు వచ్చి ప్రాణం పోవచ్చు. పిల్లులకే తయారైన, మెడ వెనక చర్మంపై వేసే సెలామెక్టిన్ వంటి మందును పశువైద్యుడు చెప్పిన మోతాదులోనే వాడాలి. ముసలితనంలో పిల్లి చిక్కిపోతుంది కనుక పాత బరువును నమ్మకుండా మళ్లీ తూచాలి. పక్కగుడ్డలను వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరవేసి, ఇంట్లోని ఇతర జంతువులకూ వాటికి తగిన మందు వేయించాలి. గూళ్లలో మిగిలిన ఫ్లీలు తరువాతి వారాల్లో బయటికి వస్తూనే ఉంటాయి కాబట్టి, దురద తగ్గిందని మానకుండా వైద్యుని సలహాతో నెలనెలా కనీసం మూడు నెలలపాటు ఈ చికిత్స సాగించాలి.