పొడిరాత

మన ఊళ్లలో ఫోటోకాపీ తీసే కొట్టును జిరాక్స్ షాపు అంటాం. జిరాక్స్ ఒక కంపెనీ పేరు. ఆ పేరు పుట్టింది ‘జిరోగ్రఫీ’ అనే మాట నుంచి. గ్రీకులో ‘జిరోస్’ అంటే తడి లేనిది, ‘గ్రఫీ’ అంటే రాత. తెలుగులో మనకు ఇంకో వెసులుబాటు ఉంది. తడి లేనిదాన్నీ పొడి అంటాం, మెత్తగా నలిగినదాన్నీ పొడి అంటాం. లేజర్ ప్రింటర్ సంగతంతా ఆ రెండర్థాల్లోనే ఉంది. అందులో సిరా ఉండదు, పొడి ఉంటుంది. దాన్నే టోనర్ అంటారు. అది ముందే ఎండినది కాబట్టి ఇక కొత్తగా ఎండిపోయేదేమీ లేదు.

ఇంటికి ప్రింటర్ కొందామనుకునేవాళ్లు చాలామంది నన్ను అడిగే మాట ఒకటే. “నెలకు పదిహేను పేజీలు కూడా తీయం కదా, మాకు లేజర్ ఎందుకండీ? అది ఆఫీసులకు కదా?” తక్కువ తీస్తారు కాబట్టే లేజర్ కొనమంటాను.

మా ఇంట్లో ముందు ఇంక్‌జెట్ ఉండేది. నెలా రెండు నెలలకోసారి ఏ బడి ఫారమో, రైలు టికెట్టో తీయబోతే అక్షరాల మధ్య తెల్లటి చారలు వచ్చేవి. ఇంక్‌జెట్‌లో సిరా వెంట్రుక కంటే సన్నని రంధ్రాల్లోంచి చిమ్మాలి. వాడకుండా వదిలేస్తే ఆ రంధ్రాల్లో సిరా గడ్డకడుతుంది. హెడ్ క్లీనింగ్ నొక్కితే, ఆ గడ్డను కడగడానికి మళ్లీ సిరానే ఖర్చవుతుంది. మేం కొన్న సిరాలో కాగితం మీదికి చేరిందెంతో, కడుగుడుకు పోయిందెంతో తలచుకుంటే ఇప్పటికీ బాధే.

పొడితో రాయడం ఎలాగో తెలియాలంటే 1938 అక్టోబర్ 22 నాటి ప్రయోగం దగ్గరికి వెళ్లాలి. న్యూయార్క్ నగరంలో ఆస్టోరియా అనే పేట. పేటెంట్ల పని చూసే చెస్టర్ కార్ల్‌సన్, ఆయన సహాయకుడు ఒట్టో కోర్నై కలిసి ఒక జింకు రేకుకు గంధకం పూత పూశారు. గుడ్డతో గట్టిగా రుద్దితే దాని మీద స్థిర విద్యుత్తు చేరింది. తల దువ్విన దువ్వెనకు కాగితం ముక్కలు అంటుకుంటాయే, ఆ విద్యుత్తే. గాజు పలక మీద తేదీ, పేట పేరు సిరాతో రాసి, దాన్ని గంధకం మీద ఆనించి బల్బు వెలుతురు పడనిచ్చారు. వెలుతురు తగిలినచోట విద్యుత్తు పోయింది, అక్షరాల నీడలో మిగిలింది. మెత్తని పొడి చల్లి ఊదితే అక్షరాల మేర మాత్రమే నిలిచింది. మైనపు కాగితం అద్ది వేడి చేస్తే రాత కాగితానికి అతుక్కుంది.

ఇప్పుడు మీ బల్ల మీది ప్రింటర్ చేసేదీ ఇదే. గంధకం రేకు బదులు గుండ్రంగా తిరిగే డ్రమ్ము ఉంటుంది. బల్బు బదులు లేజర్ కిరణం. ఈ మార్పు జిరాక్స్ కంపెనీలోనే పనిచేసిన గ్యారీ స్టార్క్‌వెదర్ ఆలోచన. కార్ల్‌సన్ రేకు మీద నీడ ఉన్నచోట పొడి నిలిస్తే, ఇందులో లేజర్ తాకినచోట నిలుస్తుంది. టోనర్ అంటే నలుపు కలిపిన సన్నని ప్లాస్టిక్ పొడి. డ్రమ్ము మీంచి కాగితం మీదికి దిగిన ఆ పొడిని చివర్లో ఫ్యూజర్ అనే వేడి రోలరు దాదాపు 200 డిగ్రీల దగ్గర కరిగించి అతికిస్తుంది. కాగితం వెచ్చగా బయటికి రావడం అందుకే. చెమట చేతులతో పట్టుకున్నా, నాలుగు చుక్కల నీళ్లు పడ్డా అక్షరం అలుక్కుపోకపోవడమూ అందుకే. 1984లో హెచ్‌పీ మొదటి లేజర్‌జెట్‌ను 3,495 డాలర్లకు అమ్మింది. ఈ రోజు వైఫై ఉన్న నలుపు–తెలుపు లేజర్ మన దగ్గర ఇరవై వేల రూపాయల లోపే దొరుకుతోంది.

ఇదంతా తెలిస్తే రిపేరు షాపుకు వెళ్లే ముందే జబ్బు ఎక్కడుందో పట్టుకోవచ్చు. పేజీ పొడవునా సమాన దూరంలో ఒకే మచ్చ మళ్లీ మళ్లీ పడుతోందంటే అది తిరిగే డ్రమ్ము మీదో, ఏదో రోలరు మీదో ఉన్న గీత. వేలితో రుద్దితే అక్షరం రాలిపోతోందంటే ఫ్యూజర్ సరిగా వేడెక్కడం లేదు. నిలువునా రాత వెలిసిపోతుంటే టోనర్ అయిపోవస్తోంది. కార్ట్రిడ్జ్ బయటికి తీసి అడ్డంగా పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఊపితే ఇంకొన్ని పేజీలు వస్తాయి. ఆ సమయంలో మెరిసే డ్రమ్మును ముట్టుకోకండి, ఎండలో పెట్టకండి. అది వెలుతురుకు స్పందించే వస్తువని గుర్తుంచుకోండి. పొడి బట్టల మీద పడితే ముందు దులపండి, తర్వాత చన్నీళ్లు. వేడినీళ్లు పోస్తే ప్లాస్టిక్ మెత్తబడి మరకై కూర్చుంటుంది.

ఫ్యూజర్ వేడి మన ఇళ్లలో ఇంకో చిక్కు తెస్తుంది. నిద్రావస్థలో ఉన్న ప్రింటర్ ఖర్చు చేసేది ఒకటి రెండు వాట్లే. ప్రింట్ చేసేటప్పుడు వందల వాట్లు కావాలి, హీటరు అందుకున్న క్షణంలో అంతకు మించి లాగుతుంది. గదిలో దీపం ఒక్కసారి మినుకుమనేది అప్పుడే. కంప్యూటర్‌కు పెట్టిన చిన్న యూపీఎస్‌కు దీన్ని తగిలిస్తే కూతపెట్టి ఆగిపోతుంది. గోడ సాకెట్టుకే తగిలించండి, ఇన్వర్టర్ లైనుకు వద్దు. ఇంక్‌జెట్ కోసం కొన్న మెరుపు ఫోటో కాగితాలు, మామూలు ప్లాస్టిక్ షీట్లు ఇందులో పెట్టవద్దు, లోపల కరిగి చుట్టుకుంటాయి. వానాకాలంలో, ముఖ్యంగా కోస్తాలో, విప్పిన కాగితాల కట్టను మూతపడే సంచిలో దాచుకోండి. తేమ పీల్చిన కాగితం వేడికి వంకరపోయి లోపల ఇరుక్కుంటుంది.

ఖర్చు సంగతి కొనేముందే కార్ట్రిడ్జ్ నంబరుతో తేల్చుకోవాలి. ప్రింటర్ ధర ఒక్కసారి కట్టేది, కార్ట్రిడ్జ్ ధర మళ్లీ మళ్లీ కట్టేది. పెట్టెలో వచ్చేది చాలా మోడళ్లలో నిండు కార్ట్రిడ్జ్ కాదు, కొన్నింటిలో 700 పేజీలకే సరిపోతుంది. నెలకు పదిహేను పేజీల ఇంటికి అదే మూడేళ్లు దాటుతుంది. అన్నేళ్లు మెల్లగా వాడినా పొడి సిరాలా ఎండి గడ్డకట్టదు. ఇక నిండు కార్ట్రిడ్జ్ 3,000 రూపాయలు, 2,000 పేజీలు అనుకుంటే పేజీకి రూపాయిన్నర. కాగితం కలిపినా రెండు రూపాయలకు అటూ ఇటూ. ఈ పేజీల లెక్క కాగితంలో ఇరవయ్యో వంతు నలుపు ఉంటుందన్న అంచనా మీద వేసింది. స్కాన్ చేసిన పాత పత్రాల బూడిదరంగు నేల దానికి ఎన్నో రెట్లు మింగేస్తుంది, అందుకే స్కాన్‌ను ముందు నలుపు–తెలుపుకు మార్చుకోండి. టోనర్, డ్రమ్ము విడివిడిగా ఉండే మోడళ్లలో డ్రమ్ము చాలాకాలం నిలుస్తుంది. రెండూ ఒకే కార్ట్రిడ్జ్‌లో ఉంటే ప్రతిసారీ కొత్త డ్రమ్ముకూ డబ్బు కడతాం. రీఫిల్ చేయించాలనుకుంటే చిప్ సంగతి అడగండి. బయటి టోనర్‌ను ఒప్పుకోని మోడళ్లున్నాయి, ఇంటర్నెట్ లేకపోతే కదలనివీ ఉన్నాయి. అలాంటివి ఎంత చవకైనా నేను కొనమనను.

వేగం గురించి పట్టించుకోవద్దు. రెండు వైపులా తనంతట తానే ముద్రించే సౌకర్యం మాత్రం వదులుకోకండి.

ఈ ప్రింటర్లతో వచ్చే తలనొప్పుల్లో ఎక్కువ పాలు వైఫైదే. చవక మోడళ్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌నే అందుకుంటాయి, 5 గిగాహెర్ట్జ్ వాటికి కనిపించదు. మొదటిసారి కలిపేటప్పుడు అది గమనించండి. వారం తర్వాత ‘ఆఫ్‌లైన్’ అని చూపించిందంటే, చాలాసార్లు రూటర్ దానికి కొత్త చిరునామా ఇచ్చి ఉంటుంది, కంప్యూటర్ పాత చిరునామాలో వెతుకుతోంది. రూటర్ సెట్టింగుల్లో ప్రింటర్‌కు ఒకే చిరునామా కేటాయిస్తే ఆ గొడవ తీరుతుంది. ఐఫోన్‌కైతే ఎయిర్‌ప్రింట్, ఆండ్రాయిడ్‌కైతే మోప్రియా ఉన్న మోడల్ చూసుకోండి. ఫోన్‌లో పీడీఎఫ్ తెరిచి ప్రింట్ నొక్కితే చాలు.

పిల్లల ప్రాజెక్టులకు తరచూ రంగు బొమ్మలు కావాలంటే ఇంక్ ట్యాంక్ ప్రింటరే మేలు, వారానికోసారైనా ఒక రంగు పేజీ తీస్తూ ఉండాలి. మిగతా ఇళ్లకు ప్రింట్ అంటే పత్రాలే. వాటి కోసం జిరాక్స్ షాపుకు వెళితే ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంటు ముక్కూముఖం తెలియని వాట్సాప్ నంబరుకు పంపాలి. ఆధార్ ఫైలుకు పాస్‌వర్డు ఉన్నా, తెరవడానికి దాన్నీ అక్కడే చెప్పాలి. షాపతను మంచివాడే కావచ్చు, ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో మాత్రం ఊరందరి కాగితాలూ పడి ఉంటాయి. నన్ను ఇంటి ప్రింటర్ వైపు నెట్టింది రూపాయల లెక్క కంటే ఈ భయమే.

మా నాన్నగారికి ఫోన్ తెర మీద చదవడం కష్టం. డాక్టరు వాట్సాప్‌లో పంపే మందుల చీటీని పెద్దక్షరాల్లో ముద్రించి ఇస్తాను, దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించుకుంటారు. కిందటి వేసవిలో నలభై రోజులు ఇంటికి తాళం వేసి వెళ్లాం. తిరిగొచ్చాక ప్రింటర్ ఆన్ చేసి మొదట తీసింది ఆ చీటీనే. నిద్ర లేవడానికి కాసేపు పట్టింది, కాగితం మాత్రం నల్లగా, చార లేకుండా, వెచ్చగా వచ్చింది.