పిల్లల దవడలు - ఊపిరి దారి

నోరు తెరచి గురక పెట్టుచున్న పసివానిని చూచి, "ఒడలెరుగక నిద్రించుచున్నాడు" అని మనము ముచ్చట పడుదుము. కాని వారములో మూడు నాలుగు రాత్రులు గురక పెట్టుచు, నడుమ నడుమ ఊపిరి నిలిచి, ఉలికిపడి మరల గాలి పీల్చుచున్నచో అది సుఖనిద్ర కాదు. అట్టి పిల్లలకు పగలు చిరాకు, చదువునందు మనసు నిలువకుండుట, రాత్రి పక్క తడుపుట మొదలగు బాధలు కలుగవచ్చును. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన గిల్మినో అను వైద్యుడు, ఆయన సహచరులు 1976లో ఎనిమిది మంది పిల్లలయందు ఈ వ్యాధిని వర్ణించిరి.

దీనికిని దవడలకును సంబంధమేమి? నాలుకతో మీ అంగిలిని తాకి చూడుడు. నోటికి అది కప్పు; ముక్కునకు అదియే నేల. క్రింది గది గోడలు ఇరుకైనచో మీది గదియు ఇరుకగును గదా! అట్లే పై దవడ సన్ననై, అంగిలి గోపురమువలె ఎత్తైనచో ముక్కులోని గాలిదారి ఇరుకగును. నాలుకకును చోటు చాలదు. క్రింది దవడ మరీ వెనుకకున్నచో నాలుక గొంతువైపు ఒరిగి దారికి అడ్డమగును.

అంగిలి ఒకే ఎముక కాదు. కుడి ఎడమ సగములు నడుమ ఒక అతుకుతో కూడియుండును. బాల్యమున ఆ అతుకు గట్టిపడదు. శాన్‌ఫ్రాన్సిస్కో దంతవైద్యుడు ఎమర్సన్ ఏంజెల్ ఒక బాలిక పండ్లకు మర అమర్చి ఆ అతుకును విచ్చునట్లు చేసితినని 1860లో ప్రకటించెను. ఎక్స్‌రే కిరణములు 1895 వరకు తెలియవు గనుక దానిని కన్నులకు చూపు సాధనము లేకపోయెను, పలువురు నమ్మరైరి. 1961లో ఆండ్రూ హాస్ వ్రాసిన వ్యాసముతో ఆ పద్ధతికి మరల ఆదరము కలిగెను.

నేటి పద్ధతియు అదియే. వైద్యుడు చెప్పిన లెక్క ప్రకారము ఇంటివారు చిన్న తాళపుచెవి వంటి దానితో మరను త్రిప్పుదురు. ఒక్కొక్క త్రిప్పునకు దవడ సాధారణముగా పావు మిల్లీమీటరు వెడల్పగును. ముందుపండ్ల నడుమ సందు కనబడినచో బెదరనక్కరలేదు; అతుకు విచ్చినదనుటకు అది గురుతు. సందులో క్రొత్త ఎముక నిండువరకు పరికరమును కొన్ని నెలలు అట్లే ఉంచవలెను. యౌవనము ముదిరినకొలది అతుకు బిగియును. అప్పుడు శస్త్రచికిత్స అవసరము కావచ్చును.

అయితే గురకపెట్టు ప్రతి బిడ్డకును మర బిగింపవలెనని భ్రమపడరాదు. పిల్లలలో ఊపిరి అడ్డగించునవి ముఖ్యముగా పెరిగిన టాన్సిల్సు, అడినాయిడ్లు. వానిని తొలగించుటయే సాధారణముగా మొదటి చికిత్స. దవడ నిజముగా ఇరుకైన వారికే దంతచికిత్స తోడ్పడును. దవడలో లోపము లేనిచో కేవలము ఈ వ్యాధిని నివారించుటకై దవడను వెడల్పు చేయరాదని అమెరికా దంతక్రమ వైద్యుల సంఘము 2019లో స్పష్టము చేసెను. పండ్ల వరుస సరిచేయుటకై పండ్లు తీయుటవలన ఈ వ్యాధి వచ్చునను భయమునకును ఆధారము లేదనెను. కనుక ముందు పిల్లల వైద్యునికో, చెవి ముక్కు గొంతు వైద్యునికో చూపవలెను. రాత్రినిద్రను పరీక్షించి వ్యాధిని నిర్ణయింపవలసినది వైద్యుడు.

ఈ రాత్రి పిల్లలు నిద్రించిన పిమ్మట రేడియో కట్టి, కొంతసేపు వారి ఊపిరిని ఆలకింపుడు. ఆ చప్పుడులో ఎడము వినబడినచో ఆలసింపకుడు.