460 ఎకరాల దీవికి ఇద్దరే కాపలా

ఆస్ట్రేలియాకి దక్షిణాన టాస్మేనియా ఉంది. దాని దక్షిణ తీరానికి 10 కిలోమీటర్ల దూరంలో, సముద్రం మధ్యలో మాట్‌సైకర్ దీవి. విస్తీర్ణం 186 హెక్టార్లు, అంటే సుమారు 460 ఎకరాలు. మామూలు రోజుల్లో అక్కడ కాపురముండేది ఇద్దరే. వాళ్ళు జీతం లేని స్వచ్ఛంద సంరక్షకులు. ఆరు నెలలకోసారి, మార్చిలోనూ సెప్టెంబరులోనూ, ఒక జంట వెళ్ళి మరో జంట వస్తుంది. రాకపోకలు హెలికాప్టర్‌లోనే.

అసలు అక్కడ మనుషులు ఎందుకు? 1891లో ఆ దీవి మీద దీపస్తంభం కట్టారు. దాన్ని చూసుకునే ఉద్యోగులు, వాళ్ళ కుటుంబాలు 105 ఏళ్ళు అక్కడే బతికారు. 1996లో యంత్రంతో దానంతటదే వెలిగే దీపం వచ్చింది. ఉద్యోగుల అవసరం తీరింది కానీ వాళ్ళ ఇళ్ళు, దారులు, పాత దీపపు పెద్ద గాజు కటకం అక్కడే ఉన్నాయి. ఏడాది తాళం వేసిన ఇల్లు ఎలా తయారవుతుందో మీకు తెలుసు. ఇక్కడ దానికి ఉప్పుగాలి, చెమ్మ కూడా తోడు. ఈ దీవి జాతీయ పార్కులో భాగం కాబట్టి టాస్మేనియా పార్కుల శాఖే ఈ సంరక్షకులను పంపుతుంది.

చెమ్మ ఎంతంటే, ఏడాదిలో దాదాపు 250 రోజులు ఎంతోకొంత వాన పడుతుంది. మూడు రోజుల్లో రెండు రోజులు తడే అన్నమాట. ఆరేసిన బట్టలు ఎప్పుడు ఆరతాయో చెప్పలేం. గాలి సంగతి సరేసరి. 1991 ఆగస్టులో గంటకు 176 కిలోమీటర్ల వేగంతో వీచినట్టు అక్కడ నమోదైంది.

ఆ వానే వాళ్ళకు నీళ్ళు. ఇలాంటి బతుకునే ‘ఆఫ్‌గ్రిడ్’ అంటారు. బయటినుంచి కరెంటు తీగా రాదు, నీళ్ళ పైపూ రాదు; కావలసినవి అక్కడికక్కడే సమకూర్చుకోవాలి. మరి నీళ్ళు చాలతాయా? లెక్క వేద్దాం. చదరపు మీటరు చోటులో ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. అక్కడ ఏడాదికి సుమారు 1,200 మిల్లీమీటర్లు పడుతుంది. వెయ్యి చదరపు అడుగుల పైకప్పు అంటే 93 చదరపు మీటర్లు. దాని మీద ఏడాదికి లక్షా పదివేల లీటర్ల పైచిలుకు పడుతుంది, ఆరు నెలలకు 55 వేలు. మనిషికి రోజుకు 100 లీటర్ల చొప్పున ఇద్దరికి 182 రోజులకు కావలసింది 36,400. కొంత వృథా పోయినా సరిపోతుంది. వాన ఏడాది పొడవునా పడుతుంది కాబట్టి అంతా ఒకేసారి నిల్వచేయనక్కర్లేదు.

తిండి లెక్క మాత్రం అంత సులువు కాదు. ఇద్దరికి, రోజుకు మూడు పూటల చొప్పున, 182 రోజులకు 1,092 భోజనాలు. పిండి, పప్పు, నూనె, ఉప్పు అన్నీ ముందే జాబితా రాసుకుని తీసుకెళ్ళాలి. ఈస్టు మరిచిపోతే రొట్టె పొంగదు, పక్కవీధిలో కొట్టు లేదు. హెలికాప్టర్ రావాలన్నా వాతావరణం ఒప్పుకోవాలి. అందుకే ఆరోగ్యం సరిగా లేనివాళ్ళు ఇలాంటి చోటుకు వెళ్ళకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇంతకీ రోజంతా ఏం చేస్తారు? ఎక్కువగా గడ్డి కోస్తారు. వినడానికి చప్పగా ఉన్నా దీవిని కాపాడే పని అదే. అన్ని వానలకు గడ్డి ఊరుకోదు. హెలికాప్టర్ దిగే చోటూ దారులూ మూసుకుపోతాయి. గోడలకు పట్టిన బూజు కడగాలి, కాలవలు తీయాలి, బయటినుంచి వచ్చి పాకిన మొక్కలను పీకాలి.

ఇంకో పని ఆస్ట్రేలియా వాతావరణ శాఖ కోసం. ఆ దేశంలో ఉదయం 9 గంటలకు వానమాపకం చూస్తారు. అందులో చేరిన నీళ్ళను గీతలున్న గాజు గొట్టంలోకి వంచి, గొట్టాన్ని కంటికి సరిగ్గా ఎదురుగా పెట్టుకుని, నీటి మట్టం ఏ గీత దగ్గరుందో చదవాలి. పైనుంచి చూస్తే అంకె తప్పుతుంది. యంత్రాలు ఉండగా మనుషులెందుకంటారా? గాలి, వేడి, వాన యంత్రం కొలుస్తుంది. ఏ రకం మబ్బు పట్టింది, సముద్రం ఎలా ఉంది, ఎంత దూరం కనిపిస్తోంది అన్నవి కంటితో చూసి రాస్తేనే నమ్మకం. అక్కడి వాతావరణ రికార్డు వందేళ్ళకు పైబడింది. అంత పొడవైన వరుస మధ్యలో తెగితే మళ్ళీ అతికించలేం.

దీవికి అసలు యజమానులు పక్షులే. షార్ట్‌టెయిల్డ్ షియర్‌వాటర్ అనే సముద్రపక్షులు అక్కడ లక్షల్లో గూళ్ళు పెడతాయి. చెట్ల మీద కాదు, నేలలో బొరియలు తవ్వుకుని. జంటకు ఏడాదికి ఒకే గుడ్డు. అక్కడి శీతకాలంలో ఉత్తర పసిఫిక్ దాకా పోయి సెప్టెంబరు చివర తిరిగొస్తాయి. దారి తప్పి ఒక్క అడుగు వేసినా బొరియ కూలి ఆ జంట ఏడాది కష్టం పోవచ్చు. అందుకే దారులు శుభ్రంగా ఉంచడం మనిషి సౌకర్యం కోసం మాత్రమే కాదు.

ఏకాంతం కోరుకునేవాళ్ళకు ఇది స్వర్గంలా అనిపించవచ్చు. వెళ్ళాలని మీకెవరికైనా ఉంటే, నాదొక మాట: ఏకాంతం కోసం కాదు, పని కోసం వెళ్ళండి. వానలో రోజూ గడ్డి కోసే ఓపిక, పక్కనున్న ఒక్క మనిషితో ఆరు నెలలు గొడవపడకుండా ఉండే గుణం ఉంటేనే దరఖాస్తు పెట్టండి.